రాకెట్ ఎక్కిస్తే ఏ వాచ్ ఎక్కువ స్లో అవుతుంది? క్వార్ట్జ్ నుంచి నావిక్ అటామిక్ క్లాక్ దాకా

ఒక క్వార్ట్జ్ వాచ్, కీ ఇచ్చే మెకానికల్ వాచ్, ఒక స్మార్ట్‌ఫోన్, ఒక అటామిక్ క్లాక్. ఈ నాలుగింటినీ ఒకే రాకెట్‌లో పెట్టి, కాంతి వేగంలో 60 శాతం స్పీడుతో పంపించాం అనుకుందాం. భూమ్మీద నుంచి చూస్తే వీటిలో ఏది ఎక్కువ స్లో అవుతుంది?

వాచ్ రివ్యూలు చదివే అలవాటున్న వాళ్ళు వెంటనే పోలిక మొదలుపెడతారు. మెకానికల్‌లో స్ప్రింగు, పళ్ళ చక్రాలు ఉంటాయి కాబట్టి ముందు అదే దెబ్బతింటుంది, అటామిక్ క్లాక్ అంత ఖరీదైనది కాబట్టి తట్టుకుంటుంది అని. అసలు సమాధానం ఏంటంటే, నాలుగూ సరిగ్గా ఒకేలా స్లో అవుతాయి. కాస్త అటూ ఇటూగా ఒకేలా కాదు, కచ్చితంగా ఒకేలా. భూమ్మీద 5 గంటలు గడిస్తే ఆ నాలుగింటిలోనూ 4 గంటలే గడుస్తాయి. అందులో కూర్చున్న మనిషి గుండె కూడా నాలుగు గంటలకి సరిపడానే కొట్టుకుంటుంది. గడ్డం కూడా నాలుగు గంటలదే పెరుగుతుంది.

దీన్నే టైమ్ డైలేషన్ అంటారు, తెలుగు పుస్తకాల్లో కాల వ్యాకోచం. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతంలో భాగం. యూట్యూబ్‌లో దీని మీద బోలెడు వీడియోలున్నాయి. కానీ నాకు బీటెక్ రోజుల నుంచీ ఉన్న డౌట్‌కి వాటిలో సూటిగా సమాధానం దొరకలేదు. ఒక్కో గడియారం లోపల మెకానిజం ఒక్కో రకం కదా, మరి అన్నిటి మీదా ఎఫెక్ట్ ఒకేలా ఎలా పడుతుంది? ఈ ఆర్టికల్ ఆ ఒక్క ప్రశ్న గురించే. ఉదాహరణల కోసం అమెరికా దాకా వెళ్ళాల్సిన పని కూడా లేదు. మన శ్రీహరికోట నుంచి పైకెళ్ళిన గడియారాలు సరిపోతాయి.

గడియారం తప్పు వేరు, టైమ్ తేడా వేరు

ముందు ఈ రెండూ విడదీసుకోవాలి. లేకపోతే తర్వాత చెప్పేదంతా కలగాపులగం అయిపోతుంది.

ప్రతి గడియారంలోనూ జరిగేది ఒకటే. ఏదో ఒకటి పదే పదే ఒకే తీరులో కదులుతుంది, ఇంకేదో దాన్ని లెక్కపెడుతుంది. గోడ గడియారంలో లోలకం ఊగుతుంది. మెకానికల్ వాచ్‌లో వెంట్రుకంత సన్నని స్ప్రింగుకి కట్టిన చిన్న చక్రం అటూ ఇటూ తిరుగుతుంది. క్వార్ట్జ్ వాచ్‌లో ఒక స్ఫటికం సెకనుకి 32,768 సార్లు వణుకుతుంది. ఆ నంబర్ చూడగానే కోడింగ్ చేసేవాళ్ళకి అర్థమైపోవాలి, అది 2కి 15వ పవర్. సగం, మళ్ళీ సగం, అలా పదిహేనుసార్లు చేస్తే సెకనుకి ఒక టిక్ వస్తుంది. అటామిక్ క్లాక్‌లో లెక్కపెట్టేది పరమాణువు స్పందించే మైక్రోవేవ్ తరంగాలని. సీజియం అయితే 9,19,26,31,770 తరంగాలు గడిస్తే ఒక సెకను. 1967 నుంచి ప్రపంచం మొత్తానికి సెకను నిర్వచనం అదే.

వీటన్నిటికీ ఎవరి తప్పులు వాళ్ళకుంటాయి. మామూలు క్వార్ట్జ్ వాచ్ నెలకి 15 సెకన్ల దాకా తప్పుతుంది. మెకానికల్ వాచ్ రోజుకే కొన్ని సెకన్లు తప్పుతుంది. ఎండ, చలి, అయస్కాంతం, పాతబడిన నూనె, కింద పడటం, ఇవన్నీ కారణాలే. ఒక్కో గడియారం మీద ఒక్కోలా పనిచేస్తాయి. అయస్కాంతం దగ్గర పెడితే మెకానికల్ వాచ్ టైమ్ పాడవ్వచ్చు, లోలకానికి ఏమీ కాకపోవచ్చు. రివ్యూల్లో 'యాక్యురసీ' అని మనం రాసేది ఈ తప్పుల గురించే.

టైమ్ డైలేషన్ ఈ కోవలోది కాదు. దాన్ని గుర్తుపట్టే పద్ధతి ఇదీ: గడియారాన్ని బట్టి తేడా మారితే అది గడియారం తప్పు. ఏ గడియారం పెట్టినా తేడా మారకపోతే అది టైమ్‌లోనే ఉన్న తేడా.

లోలకం ఉదాహరణ చూడండి, భలే ఉంటుంది. మా భీమవరం దాదాపు సముద్ర మట్టంలో ఉంది. ఇక్కడ కరెక్ట్‌గా నడిచే లోలకం గడియారాన్ని 900 మీటర్ల ఎత్తున్న అరకు తీసుకెళ్తే, పైన గురుత్వాకర్షణ కాస్త తక్కువ కాబట్టి లోలకం నెమ్మదిగా ఊగుతుంది. ఎత్తు ఒక్కటే లెక్కేస్తే రోజుకి సుమారు 12 సెకన్లు వెనకబడుతుంది. కానీ ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షత ప్రకారం ఎత్తుకి వెళ్ళేకొద్దీ టైమ్ వేగంగా నడవాలి, అరకులో రోజుకి దాదాపు 8 నానోసెకన్లు ముందుకి. ఒకటేమో సెకన్లలో వెనక్కి, ఇంకోటేమో నానోసెకన్లలో ముందుకి. మొదటిది లోలకం తప్పు. ఒక రకంగా లోలకం గడియారంలో భూమి కూడా ఒక పార్టే, ఆ పార్టుకి దూరం జరిగితే గడియారం మారిపోతుంది. రెండోది మాత్రం అరకులో ఉన్న ప్రతి దానికీ వర్తిస్తుంది, అక్కడి కాఫీ మొక్కలతో సహా.

పంటు మీద కాంతి గడియారం

ఇప్పుడు అసలు స్లో అవ్వడం ఎందుకో చూద్దాం. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు మీరు ఎక్కే ఉంటారు. బైకులు, ఆటోలు, మనుషులు అంతా దాని మీదే. పంటు మీద నిలబడి బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే మీకు అది నిలువుగానే వెళ్ళి నిలువుగానే చేతిలో పడుతుంది. రేవులో నిలబడ్డవాళ్ళకి మాత్రం అది ఏటవాలుగా ముందుకెళ్ళి దిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఈలోపు పంటు ముందుకి జరిగింది.

బంతి బదులు కాంతి పెడదాం. కింద ఒక అద్దం, పైన ఒక అద్దం, మధ్యలో కాంతి పైకీ కిందకీ కొట్టుకుంటూ ఉంటుంది. కాంతి కింది నుంచి పైకి చేరితే ఒక టిక్. ఇదే కాంతి గడియారం. దీన్ని పంటు మీద పెట్టి, పంటుని కాంతి వేగంలో 60 శాతం స్పీడుతో నడుపుదాం (రేవు వాళ్ళు ఏమీ అనుకోకూడదు).

పంటు మీదున్న మీకు కాంతి నిలువుగా 4 అడుగులు వెళ్ళింది అనుకోండి. రేవులో ఉన్న నాకు, ఆ టిక్ అయ్యేలోపు పంటు 3 అడుగులు ముందుకి జరిగింది. కాబట్టి కాంతి నడిచిన ఏటవాలు దారి, మన పైథాగరస్ లెక్క ప్రకారం, 5 అడుగులు. బంతి అయితే ఇక్కడ గొడవ లేదు, రేవులోంచి చూస్తే బంతి స్పీడు పెరిగినట్టు కనిపిస్తుంది, లెక్క సరిపోతుంది. కాంతికి ఆ వెసులుబాటు లేదు. ఎవరు కొలిచినా కాంతి వేగం ఒకటే, సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అదే వేగంతో 5 అడుగులు నడవాలంటే ఎక్కువ టైమ్ పట్టాలి. మీకు 4 అయిన చోట నాకు 5. మీ టిక్కులు నాకు స్లోగా కనిపిస్తాయి. మొదట్లో చెప్పిన 5 గంటలకి 4 గంటలు ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇంతవరకూ ప్రతి పాఠ్య పుస్తకంలోనూ ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఇక్కడ ఆగితే చదివేవాడు అడుగుతాడు, "ఇది అద్దాల మధ్య కాంతి గడియారం కాబట్టి అలా అయింది. నా చేతికున్న క్వార్ట్జ్ వాచ్‌లో అద్దాలూ లేవు, ఏటవాలు దారీ లేదు. అది ఎందుకు స్లో అవ్వాలి?" చాలా మంచి ప్రశ్న.

తలుపులు మూసిన క్యాబిన్

క్వార్ట్జ్ వాచ్ స్లో అవ్వదనే అనుకుందాం, ఏమవుతుందో చూద్దాం. పంటు మీద ఒక క్యాబిన్ కట్టి, తలుపులు కిటికీలు మూసేసి, లోపల కాంతి గడియారం, క్వార్ట్జ్ వాచ్ పక్కపక్కన పెట్టాం. పంటు రేవులో కట్టేసి ఉన్నప్పుడు రెండూ కలిసి టిక్ అనేలా సెట్ చేశాం. పంటు కదిలి, ఒకే స్పీడు అందుకుంది. కాంతి గడియారం స్లో అయింది, క్వార్ట్జ్ కాలేదు. అంటే క్యాబిన్ లోపల కూర్చుని, బయటికి తొంగి చూడకుండానే, రెండిటి మధ్య తేడా చూసి పంటు ఎంత స్పీడుతో వెళ్తోందో చెప్పేయొచ్చు!

అది కుదరదు. ఒకే వేగంతో సాఫీగా వెళ్తున్న దాని లోపల ఏ ప్రయోగం చేసినా 'నేను కదులుతున్నానా, ఆగి ఉన్నానా' అనేది తేలదు. 1632లోనే గెలీలియో ఓడ క్యాబిన్ ఉదాహరణతో ఈ మాట చెప్పాడు. ఐన్‌స్టీన్ ఆ నియమాన్ని కాంతితో సహా అన్నిటికీ వర్తింపజేశాడు. నియమం నిలబడాలంటే ఒక్కటే దారి, కాంతి గడియారం ఎంత స్లో అయితే క్వార్ట్జ్ వాచ్ కూడా అంతే స్లో అవ్వాలి. మెకానికల్ వాచ్ కూడా, అటామిక్ క్లాక్ కూడా, క్యాబిన్‌లో నిద్రపోతున్న మనిషి నాడి కూడా. వీటిలో ఏ ఒక్కటి లైను తప్పినా క్యాబిన్ గుట్టు రట్టయిపోతుంది.

నాకు ఈ వాదన నచ్చేది ఇందుకే. క్వార్ట్జ్ లోపల ఏం జరుగుతుందో తెలియక్కర్లేదు. రేపెవడో కొత్త రకం గడియారం కనిపెట్టినా, దాని డిజైన్ చూడకుండానే అది ఎంత స్లో అవుతుందో చెప్పేయొచ్చు. కావాలంటే లోపలికి దిగి కూడా లెక్క వేయొచ్చు. స్ఫటికంలో పరమాణువుల్ని పట్టి ఉంచేది విద్యుదయస్కాంత బలం, కదిలే వస్తువులో ఆ బలాలు ఎలా మారతాయో చూసి వణుకుడు స్పీడు కడితే అదే జవాబు వస్తుంది. దారి పొడవు, అంతే.

పైగా మనందరం ఇప్పుడు కూర్చున్నది అలాంటి పంటు మీదే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్ల స్పీడుతో తిరుగుతోంది, ఆర్నెల్లకోసారి దిశ తిరగబడుతుంది. రకరకాల గడియారాలు వేగానికి రకరకాలుగా స్పందిస్తే, జనవరిలో కలిసి నడిచినవి జులైకి విడిపోవాలి. వేర్వేరు పరమాణువులతో చేసిన అటామిక్ క్లాక్‌లని ల్యాబుల్లో ఏళ్ళ తరబడి పక్కపక్కన పెట్టి పోల్చారు. అలాంటి తేడా దొరకలేదు.

దీన్ని మన గ్యాడ్జెట్ భాషలో చెప్పుకుందాం. ఆ రాకెట్‌లో ఉన్న ఫోన్ ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్‌ది అనుకోండి. భూమ్మీద నుంచి కొలిస్తే 2.4 గిగాహెర్ట్జ్. స్క్రీన్ ఆన్ టైమ్ 6 గంటలు వచ్చే బ్యాటరీ మన గడియారం ప్రకారం ఏడున్నర గంటలు వస్తుంది. 'బ్యాటరీ లైఫ్ 25 శాతం పెరిగింది' అని హెడ్డింగ్ పెట్టుకోవచ్చు గానీ, రాకెట్‌లో ఉన్న యూజర్‌కి పైసా లాభం లేదు. అతని వాచ్‌లో ఆరు గంటలే, బెంచ్‌మార్క్ స్కోరు కూడా పాతదే, ఎందుకంటే స్కోరు లెక్కేసే టైమర్ కూడా అదే రేటులో స్లో అయింది. అతను మనవైపు చూస్తే మన ఫోన్లే స్లోగా కనిపిస్తాయి. ఇద్దరూ ఒకే స్పీడుతో దూరంగా పోతున్నంతసేపు ఇద్దరి మాటా కరెక్టే. వెనక్కి తిరిగి వచ్చి రెండు వాచీలు పక్కపక్కన పెడితే, వెనక్కి తిరిగినవాడి వాచ్‌లోనే తక్కువ టైమ్ ఉంటుంది.

కొలిచి చూశారా? చూశారు

1971 అక్టోబర్‌లో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు నాలుగు సీజియం గడియారాల్ని మామూలు ప్యాసింజర్ విమానాల్లో పెట్టి భూమి చుట్టూ తిప్పారు. ఒకసారి తూర్పుకి, ఒకసారి పడమరకి. తూర్పుకి వెళ్ళినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరకి వెళ్ళినవి 273 నానోసెకన్లు ముందుకెళ్ళాయి. స్పీడు ఎఫెక్ట్, ఎత్తు ఎఫెక్ట్ రెండూ కలిపి వేసిన లెక్కకి, పొరపాటు పరిధిలో, రెండూ సరిపోయాయి.

ఇంకా నమ్మశక్యం కానిది 2010 నాటిది. అమెరికాలోని నిస్ట్ ల్యాబ్‌లో అల్యూమినియం అయాన్‌తో చేసిన ఆప్టికల్ క్లాక్‌తో, సెకనుకి 10 మీటర్ల లోపు స్పీడు దగ్గర కూడా టైమ్ డైలేషన్‌ని పట్టుకున్నారు. అంటే గంటకి 36 కిలోమీటర్లు. మన ఆటో స్పీడు!

పోల్చుకోవడానికి, భీమవరం నుంచి హైదరాబాద్‌కి రైల్లో 400 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు అని గుండుగా అనుకుని లెక్క వేస్తే, స్పీడు వల్ల మీ వాచ్ 31 పికోసెకన్లు వెనకబడుతుంది. ఒక పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఆ 31 పికోసెకన్లలో కాంతి సెంటీమీటర్ కూడా కదలదు. ఈలోపు అదే వాచ్ క్వార్ట్జ్ తప్పు వల్ల సెకనులో పదో వంతు పైనే పోగొట్టుకుని ఉంటుంది. రైలు లేటు సంగతి మాట్లాడుకోవద్దు.

పైవన్నీ ఎంతో కొంత విద్యుదయస్కాంత బలం మీద నడిచే గడియారాలే. అసలు ఆ బలంతో సంబంధమే లేని గడియారం ఉందా? ఉంది, అది ఈ క్షణంలో మీ ఫోన్ గుండా వెళ్తోంది.

దాని గురించి చెప్పేముందు మా ఊరి పక్క మనిషిని ఒకరిని గుర్తుచేసుకోవాలి. భీమవరం పక్కనే పాలకోడేరు మండలంలో గొరగనమూడి అనే ఊరుంది. 1896లో అక్కడ పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యోగిగా మారి, స్వామి జ్ఞానానంద పేరుతో 1920ల చివర్లో జర్మనీ వెళ్ళారు. అక్కడ డ్రెస్డెన్‌లో సాపేక్షతా సిద్ధాంతం మీద ఆసక్తి పుట్టి ఫిజిక్స్‌లో దిగిపోయారు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద, తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. బీటా కిరణాలంటే కేంద్రకం లోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. వాటిలో చాలావాటి వేగం కాంతి వేగానికి దగ్గర్లో ఉంటుంది, సాపేక్షత లేకుండా వాటి లెక్క తేలదు. దేశానికి తిరిగొచ్చాక ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేశారు, తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. భారత ప్రామాణిక సమయాన్ని అటామిక్ క్లాక్‌లతో కాపాడేది ఇవాళ్టికీ ఆ ఢిల్లీ ల్యాబే. భీమవరంలో బీటెక్ చదివే ఎంతమందికి ఆయన పేరు తెలుసో మరి.

ఇక మీ ఫోన్ గుండా వెళ్తున్న గడియారం. దాని పేరు మ్యూయాన్. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన నెత్తి మీద దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో గాలిని గుద్దుకున్నప్పుడు ఇవి పుడతాయి. నేల మీద ప్రతి చదరపు సెంటీమీటర్‌లోంచి నిమిషానికి సుమారు ఒకటి వెళ్తుంది. ఫోన్‌ని టేబుల్ మీద పడుకోబెడితే సెకనుకి ఒకటో రెండో దానిలోంచి దూసుకుపోతున్నట్టు.

మ్యూయాన్‌లో స్ప్రింగు లేదు, స్ఫటికం లేదు, తిరిగే పార్టు ఒక్కటీ లేదు. అది చేసేదల్లా సగటున 2.2 మైక్రోసెకన్లు బతికి విచ్ఛిన్నం అయిపోవడం. అలా చేసేది బలహీన కేంద్రక బలం, విద్యుదయస్కాంతం కాదు. 2.2 మైక్రోసెకన్లలో కాంతి వేగంతో పరిగెత్తినా 660 మీటర్లే. 15 కిలోమీటర్లు దిగాలంటే 50 మైక్రోసెకన్లు కావాలి, అంటే దాని సగటు ఆయుష్షుకి ఇరవై రెట్ల పైనే. ఆ లెక్కన వందల కోట్లలో ఒకటి కూడా నేల దాకా రాకూడదు. కానీ వస్తున్నాయి, ఎందుకంటే వాటి గడియారం మనకి స్లోగా నడుస్తోంది.

1977లో సెర్న్ వాళ్ళు ఇంకా గట్టిగా కొలిచారు. టైమ్ 29.3 రెట్లు సాగేంత స్పీడులో మ్యూయాన్లని ఒక రింగులో తిప్పితే, ఆయుష్షు దాదాపు 64.4 మైక్రోసెకన్లకి పెరిగింది. 2.2ని 29.3తో గుణించి చూసుకోండి. ఆ రింగులో మలుపు తిరిగేటప్పుడు మ్యూయాన్ల మీద పడే త్వరణం భూమి ఆకర్షణకి కోటి కోట్ల రెట్ల కంటే ఎక్కువ. ఏ వాచ్ అయినా పొడి అయిపోయేది. మ్యూయాన్ లెక్క మాత్రం స్పీడుని బట్టే నడిచింది.

శ్రీహరికోట నుంచి పైకెళ్ళిన గడియారాలు

మన దేశపు సొంత జీపీఎస్ లాంటిదే నావిక్. దీని ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి 3.07 కిలోమీటర్ల స్పీడుతో తిరుగుతాయి. ఒక్కోదానిలో రుబీడియం అటామిక్ క్లాక్‌లు ఉంటాయి. మూడు లైన్ల పైథాన్‌లో లెక్క వేస్తే, స్పీడు వల్ల ఈ గడియారాలు రోజుకి 4.5 మైక్రోసెకన్లు వెనకబడతాయి. ఎత్తు వల్ల 51 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి. నికరంగా రోజుకి సుమారు 46 మైక్రోసెకన్లు ముందుకి.

అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు కిందగా, 20,200 కిలోమీటర్ల ఎత్తులో, కాస్త స్పీడుగా తిరుగుతాయి. అక్కడ వెనక్కి 7, ముందుకి 45, నికరం 38. ఇంకా కిందకి వస్తే స్పీడుదే పైచేయి అవుతుంది. దాదాపు 3,200 కిలోమీటర్ల ఎత్తులో రెండు ఎఫెక్టులూ కొట్టుకుపోతాయి. అంతకంటే కిందున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో టైమ్ మనకంటే స్లో. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా అక్కడ 177 రోజులు ఉన్నాడు. ఆ లెక్కన మనకంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు తక్కువ వయసుతో దిగాడు. అతని వాచ్ ఏ కంపెనీదైనా సరే.

జీపీఎస్ మొదలయ్యే రోజుల్లో ఈ లెక్క నిజంగా అవసరమా అని అనుమానించిన వాళ్ళు ఉన్నారు. 1977 జూన్‌లో మొదటి సీజియం గడియారాన్ని ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహంలో పంపినప్పుడు, సాపేక్షత కరెక్షన్‌ని ఒక స్విచ్ లాగా పెట్టారు, కావాలంటే ఆన్ చేసుకునేలా. దాదాపు 20 రోజులు ఆఫ్‌లోనే నడిపారు. సిద్ధాంతం ప్రకారం రోజుకి 38.6 మైక్రోసెకన్లు ముందుకెళ్ళాలి, కొలిస్తే 38.2 వచ్చింది. స్విచ్ ఆన్ చేశారు. ఇప్పుడైతే గడియారాన్ని నేల మీదే కావాలని కాస్త స్లోగా ట్యూన్ చేసి పంపుతారు. 10.23 మెగాహెర్ట్జ్ బదులు 10.22999999543. పైకెళ్ళాక అదే 10.23 అయిపోతుంది.

ఇక్కడ ఇంటర్నెట్‌లో అందరూ రాసే ఒక మాట గురించి. 'సాపేక్షత లేకపోతే జీపీఎస్ రోజుకి 11 కిలోమీటర్లు తప్పుతుంది' అంటారు. 38 మైక్రోసెకన్లని కాంతి వేగంతో గుణిస్తే ఆ దూరం వస్తుంది, నిజమే. కానీ మీ ఫోన్ లొకేషన్ కనుక్కునేటప్పుడు నాలుగు తెలియని విలువలు సాల్వ్ చేస్తుంది. మూడు మీ స్థానానివి, నాలుగోది మీ ఫోన్ గడియారం తప్పు. ఉపగ్రహాలన్నీ ఒకేలా ముందుకెళ్తే ఆ తేడాలో ఎక్కువ భాగం ఆ నాలుగో దానిలో కలిసిపోతుంది, మ్యాప్ మీద చుక్క 11 కిలోమీటర్లు ఎగిరిపోదు. అసలు చిక్కు ఉపగ్రహాలు ఒకదానికొకటి తేడా వచ్చినప్పుడు. కక్ష్య పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి ఉపగ్రహం భూమికి దగ్గరైనప్పుడు స్పీడు పెరుగుతుంది, గడియారం స్లో అవుతుంది, దూరమైనప్పుడు తిరగబడుతుంది. కక్ష్య ఒక శాతం సాగి ఉన్నా 23 నానోసెకన్ల దాకా ఊగిసలాట, అంటే దాదాపు 7 మీటర్లు. ఇది ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా ఉంటుంది, ముందే ట్యూన్ చేసి పంపడం కుదరదు.

దీన్ని సరిచేసేది మీ ఫోన్‌లోని చిప్పే. జీపీఎస్ అధికారిక స్పెసిఫికేషన్‌లో దీనికోసం ఒక స్థిరాంకం ఇచ్చారు: మైనస్ 4.442807633 × 10 పవర్ మైనస్ 10. ప్రతి రిసీవర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ నంబర్ ఉండాల్సిందే. మ్యాప్స్ ఓపెన్ చేసిన ప్రతిసారీ మీ జేబులో ఐన్‌స్టీన్ లెక్క ఒకటి నడుస్తోందన్నమాట.

గడియారం తప్పు వేరు, టైమ్ తేడా వేరు అని మొదట్లో అనుకున్నాం కదా. దానికి నావిక్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మొదటి నావిక్ ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో మూడు రుబీడియం గడియారాలు, స్విట్జర్లాండ్ నుంచి తెప్పించినవి. ఒకే ఉపగ్రహం, ఒకే స్పీడు, ఒకే ఎత్తు. సాపేక్షత ఆ మూడింటికీ ఒకే 46 మైక్రోసెకన్లు ఇచ్చింది, దాన్ని ముందే లెక్కేశారు, దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది వచ్చింది మామూలు దారిలో. 2016 ముగిసేసరికి మూడు గడియారాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. సోలార్ ప్యానెళ్ళు, రేడియోలు బాగానే ఉన్నా, గడియారం లేని నావిగేషన్ ఉపగ్రహం లొకేషన్ ఇవ్వలేదు. దాని బదులు 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహం రాకెట్ హీట్ షీల్డ్ విడిపోక లోపలే చిక్కుకుపోయింది. 2018 ఏప్రిల్ 12న ఇంకోటి పంపాక గానీ లోటు తీరలేదు. తర్వాత మరికొన్ని ఉపగ్రహాల్లోనూ గడియారాలు మొరాయించాయి. 2023 మే 29న వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగంగా వెళ్ళిన ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకి చేరలేకపోయింది.

లక్షల కోట్ల సెకన్లలో సెకను తేడాని కూడా సిద్ధాంతం ముందే చెప్పేస్తుంది. ఒక పార్టు ఎప్పుడు చెడిపోతుందో చెప్పే సిద్ధాంతం మాత్రం లేదు. ఇంజనీర్లకి నిద్ర పట్టనివ్వనిది రెండోదే.

మీ ఫోన్ వీటిలో ఏ గడియారాల మాట వింటోందో చూడాలంటే 'జీపీఎస్ టెస్ట్' లాంటి ఫ్రీ యాప్ ఒకటి వేసుకుని డాబా ఎక్కండి, ఇంట్లో అయితే సిగ్నల్స్ సరిగా రావు. లిస్టులో ఐఆర్ఎన్ఎస్ఎస్ అని గానీ, భారత్ జెండా గానీ కనిపిస్తే అది నావిక్. 2020 నుంచి కొన్ని స్నాప్‌డ్రాగన్ చిప్పుల్లో, ఐఫోన్ 15 ప్రో నుంచి యాపిల్‌లో సపోర్ట్ ఉంది. పాత నావిక్ ఉపగ్రహాల్లో మన ఫోన్లకి పనికొచ్చేది ఎల్5 బ్యాండ్ ఒక్కటే, కాబట్టి స్పెక్ షీట్‌లో ఎల్5 లేని ఫోన్‌కి అవి దొరకవు. ఎన్‌వీఎస్ సిరీస్‌లో ఎల్1 కూడా కలిపారు, అవి పెరిగేకొద్దీ చవక ఫోన్లకి కూడా అందుతుంది. ఒక్కో ఉపగ్రహం పక్కన సిగ్నల్ బలం చూపించే బార్ ఉంటుంది. భీమవరం నుంచి చూస్తే స్థిరకక్ష్యలో ఉన్న నావిక్ ఉపగ్రహాలు దక్షిణం వైపే ఉంటాయి, కాబట్టి ఆ వైపు కొబ్బరి చెట్లు అడ్డు లేకుండా చూసుకోండి.